కాళ్ళ గురించి రెండు వాక్యాలు

బైబిలులో దేవుడు ఒకసారి గాడిద చేత మాట్లాడించాడు. ఏ చదువు చూసి నిన్ను ఉపదేశిగా తీసుకున్నారని అడిగినవాళ్ళందరికీ నేను ఆ అధ్యాయమే చూపిస్తూ వచ్చాను. ఎనిమిదో తరగతిలో లెక్కల పరీక్ష నాడు బడి గోడ దూకినవాణ్ణి, మళ్ళీ ఆ గోడ అవతలికి పోలేదు. ఉద్యోగంలో చేరాక కొత్తచెరువు పక్క పల్లెలో మొట్టమొదటిసారి నిలబడి చెప్పింది కూడా ఆ గాడిద కథే. అయిపోయాక ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "బాగా చెప్పినావు నాయనా. ఆ గాడిద మాత్రం చెప్పల్సింది చెప్పి ఊరుకునిందంట కదా" అంది. ఆ రోజు నేను గంటన్నర మాట్లాడాను.

ఇప్పుడు రిటైరయ్యాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఇంటికి వచ్చి ఏమైనా చెప్పమంటారు. ఎప్పుడు ఏ ఊరికి వేశారు, ఎప్పుడు జీతం పెంచారు అన్నవి చెప్పను, వాటిలో నేర్చుకోవలసింది ఏమీ లేదు. ఒక కాలు గురించి చెబుతాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. కోపం సగం నా మీద, సగం ఇంకొకరి మీద. ఎవరి సగం పెద్దదో చదివాక మీరే తేల్చుకోండి.

చదివి వినిపించేవాడు

ఉపదేశి పని ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. దైవశాస్త్రం చదివి, అభిషేకం పొందిన పాస్టరుగారు పట్నంలో ఉంటారు. మాకు హిందూపురంలో. ఆయన కింద పన్నెండు పదమూడు ఊళ్ళు. అన్నింటికీ ఆయన నెలకొకసారి వచ్చి రొట్టె, ద్రాక్షరసాల సంస్కారం ఇచ్చి పోతారు. మిగతా రోజుల్లో పిలిచినా పిలవకపోయినా వెళ్ళేవాడు ఉపదేశి. పుట్టినప్పుడు ప్రార్థన, పోయినప్పుడు ప్రార్థన, బోరు వేస్తే ప్రార్థన, బోరులో నీళ్ళు పడకపోతే ఇంకొంచెం పెద్ద ప్రార్థన. నేను పెనుకొండలో కాపురం ఉండి, రైలుమార్గం పక్క ఊళ్ళకు ప్యాసింజరులోనూ, మిగతావాటికి మోపెడ్ మీదా తిరిగాను.

వీటన్నిటికన్నా ముఖ్యమైన పని ఒకటుంది. చదవడం. మా సంఘాల్లో పెద్దవాళ్ళలో సగానికి సగం మందికి అక్షరాలు రావు. వాళ్ళకు బైబిలు అంటే నా గొంతే. నేను ఎక్కడ ఆపితే దేవుడు అక్కడ ఆపినట్టు. నేను తుమ్మినా అది కూడా వాక్యంలో ఉందేమో అనుకునే అవ్వలను చూశాను. ఇంత పెద్ద పనిని ఎనిమిదో తరగతి తప్పినవాడి చేతిలో పెట్టారు. నేను భయపడలేదు. భయపడి ఉండాల్సింది.

కొండ, సూది

వాక్యాన్ని అక్షరాలా చదవాలా, ఆత్మీయంగా, అంటే మాట వెనక భావం పట్టుకుని చదవాలా అన్నది పాస్టరుగార్ల సమావేశాల్లో పెద్ద చర్చ. ఆ సమావేశాల్లో నా పని కుర్చీలు వేయడం. కుర్చీలు వేసేవాడికి అన్నీ వినిపిస్తాయి.

పెనుకొండలో ఒక ఆదివారం ఆవగింజంత విశ్వాసముంటే కొండను కూడా కదిలించవచ్చునన్న మాట చదివాను. కొండ ఎదురుగానే ఉంది, చెప్పడానికి సులువని వేలు పెట్టి చూపించాను. వెనక రామప్ప అనే గొర్ల కాపరి కూర్చుని ఉన్నాడు. మా సంఘంవాడు కాదు, ఎండకు తట్టుకోలేక లోపలికి వచ్చినవాడు. అతను లేచి, "అయ్యవారూ, కదిలిస్తే కదిలిచ్చుకో గానీ ఈ కొండను మాత్రం వద్దప్పా. నా గొర్లు యాడ మేయల్ల?" అన్నాడు. అందరం నవ్వాం. ఇంటికి పోయాక ఆలోచిస్తే, ఆ మాట చెప్పిన యేసు కొండలు జరపడం నేర్పడానికి రాలేదని ఒక్క పాఠం కూడా వినని రామప్పకు తెలిసిందనిపించింది. అది తెలియని పట్టభద్రులను నేను చాలామందిని చూశాను.

అలాగని ఆత్మీయార్థం చెప్పేవాళ్ళంతా మంచివాళ్ళని అనుకోకండి. ధనవంతుడు పరలోకంలోకి పోవడం కన్నా ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులువన్న మాట ఉంది కదా. ఆ వాక్యం చదివే రోజున హిందూపురం గుడిలో ఒక మిద్దెల ఆసామి ముందు వరుసలో కూర్చుని ఉంటే, సూదిబెజ్జం అంటే సూదిబెజ్జం కాదని, అది యెరూషలేములో ఒక చిన్న ద్వారమని, ఒంటె కొంచెం మోకాళ్ళు వంచితే దూరిపోతుందని వ్యాఖ్యానం వచ్చింది. డబ్బున్నవాడు ముందు వరుసలో ఉంటే సూదిబెజ్జం పెనుకొండ కోట వాకిలంత అవుతుంది. కూలివాడు కూర్చుంటే అది మళ్ళీ సూది అవుతుంది, వానికే గుచ్చుతారు.

ఇవన్నీ నేను నవ్వుతూ చెప్పుకునే కథలు. నవ్వు ఆగిపోయిన కథ ఇక మొదలవుతుంది.

డబ్బాలో చీటీలు

మా సంఘాల్లో ఒక అలవాటు ఉంది. జనవరి ఒకటో తేదీ పొద్దున ఆరాధన అయ్యాక, ఒక డబ్బాలో వాక్యాల చీటీలు వేసి ఒక్కొక్కరి చేత తీయిస్తాం. ఎవరికి ఏది వస్తే ఆ ఏడాదికి అది దేవుడు వాళ్ళకు ఇచ్చిన వాగ్దానం. ఆ చీటీని ఆటో అద్దానికి అంటించుకుంటారు, బియ్యం డబ్బాలో దాచుకుంటారు, వక్కాకు సంచిలో పెట్టుకుంటారు. ఇంట్లో బైబిలు లేనివాళ్ళు ఉన్నారు, చీటీ లేనివాళ్ళు లేరు.

అచ్చువేసిన చీటీలు ప్రతి ఏడూ హిందూపురం నుంచి వచ్చేవి. ఆ సంవత్సరం ధర్మవరానికి సరిపోలేదు. నేనే రాస్తానన్నాను. పాత పెళ్ళి పత్రికల వెనక తెల్లటి వైపు చతురస్రాలుగా కత్తిరించి, రంగు పెన్నులతో రెండు రోజులు కూర్చుని రాశాను. చీటీ చిన్నది, వాక్యాలు పొడుగు. లడ్డూలో జీడిపప్పు ఏరుకున్నట్టు తియ్యటి తునకలు ఏరుకున్నాను. సిలువ ఎత్తుకోమన్నది రాయలేదు. శత్రువును ప్రేమించమన్నది రాయలేదు, కొత్త సంవత్సరం పూట ఎందుకులే అని. కీర్తనల్లో దేవదూతలు నిన్ను చేతులమీద ఎత్తుకుంటారు, పాదానికి రాయి తగలనివ్వరు అనే భాగం ఉంటుంది. అందులో దేవదూతలను కూడా కోసేశాను. "నీ పాదానికి రాయి తగలదు" అని నాలుగే నాలుగు మాటలు రాశాను. అధ్యాయం సంఖ్య రాయాల్సిన చోట గులాబి పువ్వు వేశాను. పువ్వు చాలా బాగా వచ్చింది. ఆ పువ్వును ఇప్పటికీ క్షమించలేను.

యోహానప్ప ధర్మవరంలో కూలి మగ్గం నేసేవాడు. గుంటమగ్గం. మనిషి గుంట అంచున కూర్చుని, కాళ్ళు కిందికి దించి, కింది కర్రలను మార్చి మార్చి తొక్కుతుండాలి. చూసేవాళ్ళు చేతులనే చూస్తారు గానీ పట్టుచీరను నేసేది సగం కాళ్ళే. ఆయనకు షుగరు. కుడి అరికాలిలో పుండు పడి మానడం లేదు. ఒకసారి నేనే ఆయనకు తోడుగా సర్కారు ఆసుపత్రికి పోయాను. అక్కడి నర్సమ్మ కట్టు కడుతూ, ఈ జబ్బులో కాలికి స్పర్శ చచ్చిపోతుందని, ముల్లు దిగినా తెలియదని, ఇంట్లో కూడా చెప్పులు విడవకూడదని ఇద్దరికీ చెప్పింది. మెత్తటి చెప్పులు ఇచ్చి, వారానికి రెండుసార్లు కట్టు మార్పించుకోమంది. నేను తల ఊపాను. ఈ తల ఊపడం గుర్తుపెట్టుకోండి.

మా గుడిలో అందరూ చెప్పులు బయట విడుస్తారు. యోహానప్ప ఒక్కడే చెప్పులతో లోపలికి వచ్చి, సిగ్గుపడుతూ వెనక మూలన కూర్చునేవాడు. ఆ రోజు డబ్బాలో చెయ్యిపెట్టి చీటీ తీశాడు. చదువు రాదు కాబట్టి నా చేతికిచ్చాడు. చీటీ చూశాను. కాలు చూశాను. నా నోరు ఊరుకోలేదు.

"యోహానప్పా, ఇంగ నీకు చెప్పులు దండగ పో" అన్నాను.

గుడి గుడంతా నవ్వింది. యోహానప్ప కూడా నవ్వాడు. నవ్వుతూనే వంగి చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. వేళాకోళానికి వేళాకోళంగా విప్పాడనుకుని నేను పక్కవాళ్ళ చీటీ చదవడంలో పడ్డాను.

సాక్ష్యం

రెండు వారాల తర్వాత సంస్కారం ఇవ్వడానికి పాస్టరుగారు ధర్మవరం వచ్చారు. కరుణాకరయ్యగారు. బెంగుళూరులో చదివిన మనిషి, మంచి గొంతు. వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా నమ్మాలన్నది ఆయన ప్రతి ప్రసంగంలోనూ వచ్చే పల్లవి. యోహానప్ప వట్టికాళ్ళతో వచ్చి ముందు కూర్చోవడం చూసి సంగతి అడిగారు. విన్నాక ఆయన ముఖం వెలిగిపోయింది. లేచి, దేవుడు చేసిన మేలు అందరి ముందూ సాక్ష్యంగా చెప్పమన్నారు.

యోహానప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చెప్పులు ఇడిసిపెట్టినా. కట్టు కూడా మానుకున్నా. దేవుని దయవల్ల యా నొప్పీ లేదయ్యా" అన్నాడు.

నొప్పి లేకపోవడమే ఆ జబ్బు. యోహానప్ప కాక ఆ సంగతి విన్నవాణ్ణి ఆ గుడిలో నేనొక్కణ్ణే. నర్సమ్మ మాటకు తల ఊపిన మనిషిని. పాస్టరుగారు, అక్షరాలా నమ్మినవాడంటే ఇతడు అని యోహానప్ప భుజం మీద చెయ్యి వేశారు. జనం హల్లెలూయ అన్నారు. నేను పాటలకు వాయించే కంజర తీసుకుని వాయించాను. పైవాడు మెచ్చుకున్నదాన్ని కిందివాడు కాదంటే బాగుండదని వాయించాను. నా బతుకులో నేను చేసిన అసహ్యమైన పని ఏదంటే ఆ కంజర వాయించడమే అంటాను.

సాలమ్మ వచ్చింది

మరో నెల గడిచింది. ఒక పొద్దున ప్యాసింజరు దిగి యోహానప్ప భార్య సాలమ్మ మా ఇంటికొచ్చింది. కూర్చోలేదు. మా ఆవిడ మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. కొంగుముడి విప్పి చీటీ తీసి నా ముందు పెట్టింది. మడతల్లో నా గులాబి పువ్వు నలిగి ఉంది.

"అయ్యవారూ, ఇది దేవుడు రాసిందా, నువ్వు రాసినావా?"

రాసింది నేనే, మాట దేవునిది అన్నాను. అప్పటికీ తెలివి పోలేదు నాకు.

"అట్లయితే దేవునికి చెప్పు. ఆయప్ప కాలు వాసన వస్తాండాది. బొటనవేలు నల్లగయింది. ఆసుపత్రికి పోదామంటే చీటీ చూపిస్తాండాడు. నేను ఎంత మొత్తుకున్నా, తాను సంఘంలో సాక్ష్యం చెప్పినాడంట, ఇప్పుడు ఆసుపత్రి మెట్లెక్కితే దేవుణ్ణి అబద్ధీకుణ్ణి చేసినట్లు అంటాండాడు. నా మాట ఇనడు. మీ మాట ఇంటాడు. మీరే కట్టినారు ఈ ముడి, మీరే ఇప్పండి."

ఆమెను మా ఆవిడకు అప్పగించి నేను హిందూపురం రైలెక్కాను. పాస్టరుగారు ఒక్క మాట చెబితే యోహానప్ప లేస్తాడు. సాక్ష్యం చెప్పించింది ఆయన కాబట్టి విడిపించాల్సింది కూడా ఆయనే అని దారి పొడుగునా అనుకున్నాను.

ఆయన గదిలో నాలుగు గోడలకూ పుస్తకాలే. నేను చెప్పిందంతా విన్నారు. విని, "ఒక మనిషి విశ్వాసంతో అడుగు ముందుకు వేస్తే, వెనక్కి లాగమంటావా సుందరం?" అన్నారు.

"అయ్యగారూ, ఆ అడుగు కుళ్ళిపోతాండాది" అన్నాను.

"వాగ్దానం వాగ్దానమే. అక్షరం మార్చే హక్కు మనకు లేదు."

అప్పుడు నాలో ఎనిమిదో తరగతి తప్పినవాడు లేచాడు. చదువుకోనివాడికి ఒక లాభముంది, చదివిన కాస్తా బాగా గుర్తుంటుంది. ఆ వాక్యాన్ని బైబిలులోనే ఇంకొకరు అక్షరాలా చదివారు కదయ్యగారూ అన్నాను. ఎవరు అన్నారాయన. యేసును గుడి శిఖరం మీద నిలబెట్టి, దూకు, నీ పాదానికి రాయి తగలదని రాసి ఉంది కదా అన్నవాడు. సాతాను. యేసు దూకలేదు. దేవుణ్ణి పరీక్షించకూడదని చెప్పి, అందరిలాగే మెట్లు దిగి వచ్చుంటాడు. మనం యోహానప్పను శిఖరం ఎక్కించి దూకమన్నాం అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. నాకు వాక్యం నేర్పడానికి వచ్చావా అన్నారు. రావడమైతే వచ్చాను కాబట్టి ఇంకొకటి కూడా అడిగాను.

"కాళ్ళ గురించి ఇంకొక వాక్యం ఉండాది కదయ్యగారూ. శిష్యుల కాళ్ళు కడిగి, మీరు కూడా ఒకరి కాళ్ళు ఒకరు కడగండి అన్నాడు. దాన్ని మనం అక్షరాలా ఎప్పుడు చేసినాం?"

"అది వినయానికి గుర్తు. దాన్ని ఆత్మీయంగా తీసుకోవాలి" అన్నారు.

పేదవాడి కాలు పోయే వాక్యమేమో అక్షరాలా. మనం వంగాల్సిన వాక్యమేమో ఆత్మీయంగా. ఇదెక్కడి చదువు? ఆ గదిలో ఉన్నన్ని పుస్తకాలు కలిసి ఒక మనిషిని కుర్చీలోంచి లేపి ధర్మవరం రైలెక్కించలేకపోయాయి. అన్నం తిని వెళ్ళమన్నారు. వద్దని వచ్చేశాను.

కడిగిన రోజు

మర్నాడు పొద్దున్నే సాలమ్మతో కలిసి ధర్మవరం పోయాను. యోహానప్ప మగ్గం గుంట అంచున కూర్చుని ఉన్నాడు. నేయడం లేదు. కాలికి గుడ్డ చుట్టుకుని, పైన ఏదో ఆకు పసరు పట్టించి ఉంది. వాసన వాకిట్లోకే వస్తోంది. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను.

బైబిలు తీసి, శిఖరం మీది కథ మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఎక్కడా ఆపలేదు, ఎక్కడా నా మాట కలపలేదు.

"ఇది నా చీటీలో లేదే" అన్నాడు యోహానప్ప.

"లేదు. నేనే కోసేసినా" అన్నాను. "చీటీ చిన్నదయింది. పువ్వు వేయాలనిపించింది. చెప్పులు దండగన్నది కూడా దేవుడు కాదు యోహానప్పా. నవ్విద్దామని నేనన్నా."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. "గుడిలో నిలబడి అన్నావు కదయ్యవారూ. గుడిలో నువ్వు నవ్వులాటకు అనేది ఏది, నిజంగా అనేది ఏది, మాకెట్ల తెలుస్తాది?" అన్నాడు.

సాలమ్మను గోరువెచ్చటి నీళ్ళు అడిగాను. గుంటలోకి దిగాను. ఆయన కాళ్ళు వేలాడే చోట, కింది కర్రల పక్కన కూర్చుని, గుడ్డ తడిపి ఊడదీశాను. పసరు కడిగాను. కడుగుతుంటే వేలికి ఏదో గట్టిగా తగిలింది. వేళ్ళ కింద మెత్తటి చోట సన్నటి మేకు, మగ్గం కర్రకు కొట్టేది, తల వరకు దిగి ఉంది. ఎన్ని రోజుల నుంచి ఉందో ఆయనకు తెలియదు. దాన్ని చూపిస్తే, అది వేరేవాళ్ళ కాలిలోంచి తీసినట్టు వింతగా చూశాడు.

రాయి తగలలేదు. చీటీలో రాసింది అక్షరాలా జరిగింది. మేకు గురించి నేను రాయలేదు కదా.

లేవడానికి ఆయన తన చెయ్యి నా భుజం మీద వేశాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. నర్సమ్మ నన్ను గుర్తుపట్టింది. కాలు చూసే పనిలో పడింది. తిట్టి ఉంటే ఆమెకు రుణపడి ఉండేవాణ్ణి. అక్కడి నుంచి అనంతపురం పంపారు. పాదం ముందు సగం తీసేశారు. వారం ముందు వచ్చి ఉంటే ఒక వేలితో పోయేదని, ఇంకో వారం ఆగి ఉంటే మనిషే పోయేవాడని డాక్టరుగారు చెప్పారు.

సగం పాదంతో గుంటమగ్గం తొక్కడం కుదరదు. ముప్పై ఏళ్ళు పట్టు నేసిన మనిషి ఇంటి అరుగు మీద కూర్చుని పక్కవాళ్ళ మగ్గాలకు పట్టుదారం కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. సాలమ్మ కూలికి పోవడం మొదలుపెట్టింది.

తర్వాతి నెల పాస్టరుగారు వచ్చి, ప్రసంగంలో పేరు చెప్పకుండా, మధ్యలో సందేహించినవాడు వాగ్దానాన్ని పొందలేడన్నారు. కర్ర పట్టుకుని వచ్చిన యోహానప్ప తల దించుకున్నాడు. కాలు పోయినా తప్పు కాలు పోయినవాడిదే. అప్పుడు లేచాను. చీటీ రాసింది నేను, కోసింది నేను, జబ్బు సంగతి తెలిసి కంజర వాయించింది నేను, అతను సందేహించలేదు, మమ్మల్ని నమ్మాడు, అదే అతను చేసిన తప్పు అని అందరి ముందూ చెప్పాను. గుడిలో ఎవరూ హల్లెలూయ అనలేదు. ఆ తర్వాత నా మీద ఏ కాగితాలు తిరిగాయో ఇక్కడ రాయను.

కొత్తగా వచ్చేవాళ్ళకు

ఇప్పుడు డబ్బాలు కూడా పోతున్నాయి. పొద్దున లేస్తే ఫోనులో సూర్యోదయం బొమ్మ మీద ఒక వాక్యం ముక్క వస్తుంది. నేను రెండు రోజులు కూర్చుని చేసిన తప్పును మీరు పళ్ళు తోముకుంటూ వందమందికి పంపగలరు. పంపేముందు ఆ ముక్క పైన ఏముంది, కింద ఏముంది, ఎవరు ఎవరితో అన్న మాట అది అని చూడండి. బైబిలులో సాతాను మాటలు కూడా ఉన్నాయి నాయనా, అచ్చులో అవి కూడా నల్లగానే ఉంటాయి.

అక్షరాలా చదవాలా, ఆత్మీయంగా చదవాలా అని నన్ను అడిగితే, ముందు ఆ వాక్యం బరువు ఎవరి మీద పడుతోందో చూడమంటాను. నా మీద పడేదయితే అక్షరాలా చదువుతాను. కడగమంటే కడుగుతాను, ఇమ్మంటే ఇస్తాను. ఎదుటివాడి మీద పడేదయితే వందసార్లు ఆలోచిస్తాను. నేను చూసిన పెద్దలు చాలామంది సరిగ్గా దీనికి తిరగేసి చదివారు. ఇది దైవశాస్త్రం కాదని మీ గురువులు అంటారు. కాకపోవచ్చు. నేను గుంటలో కూర్చుని నేర్చుకున్నది ఇది.

విశ్వాసం లేక ఇలా మాట్లాడుతున్నానని కూడా అంటారు. నేను ఇప్పటికీ పొద్దున లేచి ప్రార్థన చేస్తాను. జబ్బుపడ్డవాళ్ళ తలమీద చెయ్యిపెట్టి ప్రార్థిస్తాను, తర్వాత మాత్రలు వేసుకున్నారా అని అడుగుతాను. మొదటి దానికి వచ్చినంత గట్టిగా ఆమేన్ రెండోదానికి కూడా రావాలి.

వేళాకోళం మానుకోమని మాత్రం చెప్పను, నావల్లే కాలేదు. కానీ చేతిలో బైబిలు ఉన్నప్పుడు మీ నోటి మాటకు మీరు అనుకున్నదానికన్నా బరువు ఎక్కువ. బైబిలు మూసి, పక్కన పెట్టి, గడప దాటి నవ్వించండి.

నేను రిటైరైన రోజు ధర్మవరం గుడిలో శాలువా కప్పారు. కప్పించుకుని, ఉన్నదంతా మళ్ళీ చెప్పి, అందరి ముందూ యోహానప్పను, సాలమ్మను క్షమించమని అడిగాను. యోహానప్ప కూర్చున్న చోటి నుంచే చెయ్యెత్తి, ఎప్పుడో అయిపోయింది పోనీలే అన్నట్టు ఊపాడు. సాలమ్మ కదలలేదు. భోజనాలప్పుడు ఆమె విస్తరాకుల దగ్గర ఉంటే పోయి, "ఏం సాలమ్మా, ఇంకా కోపమేనా?" అని అడిగాను.

ఆమె నా ఆకులో అన్నం వడ్డించింది. వడ్డించి, నెమ్మదిగా అంది.

"కోపమేముందిలే అయ్యవారూ. క్షమించమని రాసుండాది కదా. అది అక్షరాలా చదవల్లా, ఆత్మీయంగా చదవల్లా అని ఇంగా తేల్చుకోలే."